గీయడానికి ముందు ఒక కాపు పండించండి: నగరంలో ప్రయోగాత్మక పొలం కట్టాలనుకునే ఆర్కిటెక్టులకు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నలుగురు ఆర్కిటెక్టు మిత్రులు నగరం మధ్యలో ఒక పాత గోదామును, దాని పక్క ఖాళీ స్థలాన్ని ఐదేళ్లకు లీజు తీసుకున్నారు. గోదాము పైకప్పు 800 చదరపు మీటర్లు, కింద నేల 700, మొత్తం 1,500. అక్కడ ఒక ప్రయోగాత్మక పొలం కట్టాలని వాళ్ల ఆలోచన. వాన నీళ్లు, సోలార్ కరెంటు, చేపల ట్యాంకులతో కలిపిన సాగు, గోడల వెంట నిలువు మడులు, లోపల ఎల్‌ఈడీ వెలుగులో ఆకుకూరలు, సొంత కంపోస్టు. బయటి నుంచి ఏమీ తెచ్చుకోకుండా నడిచే పొలం కావాలి. "ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత పండుతుంది, ఎక్కడ దెబ్బతింటాం?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఇప్పుడే ప్లాన్ గీయకండి. ముందు పండించడం తెలిసిన మనిషిని జీతానికి తీసుకోండి. స్థలం ఎలా ఉందో అలాగే ఉంచి, డబ్బాల్లో, సంచుల్లో ఒక కాపు తీయండి. ఆ తర్వాత గీయండి. డబ్బులో పెద్ద వాటా శ్లాబు బలానికి, నీళ్లు రావడానికి, నీళ్లు పోవడానికి, మట్టికి పెట్టండి. చేపలు మొదటి రెండేళ్లు వద్దు, పంట కోసం ఎల్‌ఈడీ అరలైతే ఈ ఐదేళ్లలో అసలు వద్దనే అంటాను. ఇక దిగుబడి, అన్నీ బాగా కుదిరితే సుమారు ఇరవై మందికి ఏడాది పొడవునా సరిపోయే కూరగాయలు వస్తాయి. ఈ ఇరవై ఎక్కడి నుంచి వచ్చిందో కింద లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఈ అంకె ముందే తెలిస్తే మీ డిజైన్ మొత్తం మారిపోతుంది.

నేనూ ఆర్కిటెక్చరే చదివాను. పద్నాలుగేళ్లుగా మేడల మీద, పాత కట్టడాల మధ్య, బడి ఆవరణల్లో పొలాలు కట్టే పనిలో ఉన్నాను. కొన్ని ఇప్పటికీ పండుతున్నాయి, కొన్ని మూతపడ్డాయి. మూతపడినవాటిని గుర్తు చేసుకుంటే ఒక్కటి కూడా డిజైన్ అందంగా లేక ఆగిపోలేదు. రోజూ వచ్చే మనిషి లేక ఆగిపోయాయి, లేదా ఆ మనిషికి ఆ చోట పని చేయడం కష్టమై ఆగిపోయాయి.

మొదటి ప్రాజెక్టులో మేం మడులు 1.8 మీటర్ల వెడల్పు గీశాం. కాగితం మీద ఆ నిష్పత్తి బాగా కుదిరింది, పై నుంచి తీసిన ఫోటోల్లోనూ బాగుంది. రెండు వైపుల నుంచి చెయ్యి చాపినా మధ్యలోకి అందదని మాకెవరికీ తట్టలేదు. కలుపు తీయాలంటే మడిలోకి దిగాలి, దిగితే మట్టి గట్టిపడుతుంది, గట్టిపడిన చోట వేరు పోదు. రెండో నెలకే మధ్యలో మొక్కలు గిడసబారాయి. అప్పుడు సాగు చూడటానికి వచ్చిన ఆవిడ, ఇరవై ఏళ్లు కూరగాయలు పండించిన మనిషి, మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపి చూపించి "ఇక్కడిదాకే నా పొలం, అవతలిది మీది" అంది. ఆ మాట నేను మర్చిపోలేదు. అప్పటి నుంచి మడి వెడల్పు 1.2 మీటర్లు దాటనివ్వను, ఒక్క మనిషే ఎక్కువ పని చేసే చోట 75 సెంటీమీటర్లే పెడతాను. నడిచే దారి 45 సెంటీమీటర్లు చాలు, తోపుడు బండి పోయే దారి 90, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల కోసం కనీసం ఒక్క దారైనా 1.2 మీటర్లు ఉండాలి. ఇలాంటి కొలతలు పుస్తకాల్లోనూ దొరుకుతాయి. కానీ కడిగే తొట్టి ఎంత ఎత్తులో ఉండాలి, కోసిన గంప దించుకోవడానికి నీడ ఎక్కడ పడాలి, పార ఎక్కడ వేలాడాలి, పైపు మడత పడకుండా ఏ మూల తిరగాలి, ఇవి పండించే మనిషి పక్కన లేకపోతే మీకు తెలియవు. అందుకే ఆ మనిషి డిజైన్ మొదలయ్యే రోజునే మీ బల్ల దగ్గర కూర్చోవాలి. కట్టడం అంతా అయ్యాక పిలిస్తే మీరు చేసిన పొరపాట్లతో రోజూ కుస్తీ పట్టేది ఆ మనిషే. వాలంటీర్లు నడుపుతారులే అని మాత్రం అనుకోకండి. మొదటి నెల నలభై మంది వస్తారు, ఎండ ముదిరే నెలకు ఐదుగురు మిగులుతారు, ఆ ఐదుగురూ సెలవు రోజుల్లోనే వస్తారు. మొక్కకు సెలవు రోజులు ఉండవు కదా.

ఇప్పుడు లెక్క. 1,500 చదరపు మీటర్లలో దారులు, పనిముట్ల గది, నారు పెంచే చోటు, కడిగే చోటు, కంపోస్టు, నీళ్ల ట్యాంకులు, మనుషులు కూర్చునే జాగా, పైకప్పు అంచు నుంచి వదలాల్సిన దూరం, ఇవన్నీ తీసేస్తే నిజంగా మొక్క ఉండే జాగా 40 శాతం మిగిలితే సంతోషించండి. అంటే 600 చదరపు మీటర్లు. మట్టి మడుల్లో, బాగా చూసుకునే చోట, రకరకాల కూరగాయలు కలిపి నేను చదరపు మీటరుకు ఏడాదికి 5 కిలోలు అని లెక్క వేసుకుంటాను. కొన్ని మడులు ఇంకా ఎక్కువే ఇస్తాయి, కానీ నీడ పడే మూలలు, పురుగు తిన్న కాపు, విత్తు మొలవని వారాలు అన్నీ కలిపితే సగటు అక్కడికే వస్తుంది. మొత్తం 3,000 కిలోలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది మనిషికి రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు, అంటే ఏడాదికి 146 కిలోలు. 3,000ను 146తో భాగిస్తే ఇరవై. ఇందులో గింజ లేదు, పప్పు లేదు, నూనె లేదు.

ఈ అంకె చూసి నీరుగారిపోకండి. "నగరానికి తిండి పెట్టే పొలం" అని బోర్డు పెట్టకండి, అంతే. అలా చెప్పి డబ్బు తెచ్చుకుంటే రెండో ఏడాది లెక్క అడుగుతారు. మీ పొలం చేయగలిగే పని వేరు, అది నా దృష్టిలో ఇంకా విలువైనది. చుట్టుపక్కల వంటింటి వ్యర్థాన్ని మట్టిగా మార్చగలదు, వేడెక్కే పైకప్పును చల్లబరచగలదు, వాన నీళ్లను ఒక్కసారిగా మురుగు కాల్వలోకి పోనివ్వకుండా ఆపగలదు. విత్తు ఎప్పుడు వేయాలో, ఆకు ఎందుకు పసుపు పచ్చబడుతుందో తెలిసిన మనుషుల్ని ఆ వీధిలో తయారు చేయగలదు. వీటిని కొలవవచ్చు కూడా, ఎలాగో తర్వాత చెప్తాను.

బరువు. గోదాము పైకప్పు మీద పొలం అన్నారు కాబట్టి ఇక్కడ కొంచెం నిలబడదాం. తడిసిన మామూలు మట్టి ఘనపు మీటరుకు 1,600 నుంచి 2,000 కిలోలు ఉంటుంది. 30 సెంటీమీటర్ల మందాన పోస్తే చదరపు మీటరుకు 480 నుంచి 600 కిలోలు అవుతుంది. మనుషులు ఎక్కి తిరగడానికి కట్టిన మామూలు మేడను డిజైన్ చేసేటప్పుడు అదనపు బరువుగా తరచూ తీసుకునేది చదరపు మీటరుకు 150, 200 కిలోలే. గోదాము పైకప్పు రేకులదో, ఎవరూ ఎక్కని శ్లాబో అయితే అంతకన్నా తక్కువకే కట్టి ఉంటారు. నేల విడిచి సాము చేయకూడదని పెద్దలు ఊరికే అనలేదు. మీరు చేయబోయేది అక్షరాలా అదే, కాబట్టి కాళ్ల కింద ఏముందో తెలుసుకునే చేయాలి. కొబ్బరి పొట్టు, కంపోస్టు, పెర్లైట్ (పొంగించిన తేలికైన రాతి గుళికలు) లాంటివి కలిపిన తేలిక మిశ్రమం కూడా నీళ్లు తాగాక ఘనపు మీటరుకు వెయ్యి కిలోలు దాటడం మామూలే, అమ్మేవాళ్లు చెప్పే బరువు పొడిగా ఉన్నప్పటిది. స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఎప్పుడూ తడి బరువే ఇవ్వండి. దాని మీద మనుషుల బరువు, నీళ్ల ట్యాంకు బరువు, ఒకే చోట కుప్ప పోసే మట్టి బరువు వేరే. మట్టి పైకి చేర్చే రోజున మొత్తం ఒక మూల దింపుకుని అక్కడి నుంచి పరుచుకుందాం అనుకుంటారు చూడండి, నేను అన్నిటికన్నా భయపడేది ఆ రోజుకే. ట్యాంకులను బీముల మీద, స్తంభాల తల మీద ఉంచండి, శ్లాబు నడిమధ్య వద్దు.

ఇంకో మాట, 100 చదరపు మీటర్లలో 20 సెంటీమీటర్ల మందం అంటే 20 ఘనపు మీటర్లు, దగ్గర దగ్గర 20 టన్నులు. అది మెట్ల మీద ఎవరు మోస్తారు? ఆ తర్వాత ఏటేటా కంపోస్టు పైకి, కోసిన పంట కిందికి ఎలా వస్తాయి? లిఫ్టు గానీ, కప్పీ గానీ ఆలోచించకుండా పైకప్పు పొలం గీసిన ప్రాజెక్టుల్లో రెండో ఏడాదికే పైన సగం మడులు ఎండిపోవడం నేను రెండు చోట్ల చూశాను. మీ స్థితిలో ఉంటే నేను బరువైన మట్టి మడులన్నీ కింద నేల మీద పెట్టి, పైకప్పు మీద బలం ఉన్న చోట్ల మాత్రమే డబ్బాలు పెట్టి, మిగతా కప్పును వాన నీళ్లు పట్టుకోవడానికి, సోలార్ ప్యానళ్లకు వదిలేస్తాను. అలా చేస్తే పైన నేను వేసిన 600 కూడా తగ్గుతుంది, తగ్గనివ్వండి. పైన గాలి కూడా కింద ఊహించినదాని కన్నా చాలా ఎక్కువ. టమాటా కర్రలు, నీడ వలలు మొదటి గాలివానకే లేచిపోతాయి. ఆకు నుంచి నీరు ఎగిరిపోవడం వల్ల మట్టి కూడా రెండింతల వేగంగా ఎండినట్టు అనిపిస్తుంది.

నీళ్లు. "బయటి నీళ్లు లేకుండా" అన్నారు. వేడి, పొడి రోజుల్లో కూరగాయల మడికి చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్ల దాకా కావాలి. 600 చదరపు మీటర్లకు రోజుకు 3,000 లీటర్లు. ఒక మిల్లీమీటరు వాన చదరపు మీటరు కప్పు మీద ఒక లీటరు ఇస్తుంది, కాబట్టి 10 మిల్లీమీటర్ల మంచి వాన 800 చదరపు మీటర్ల కప్పు మీద పడితే 8,000 లీటర్లు. మొదటి మురికి నీళ్లు వదిలేశాక 7,000 దక్కుతాయి అనుకుందాం. అది రెండు రోజుల పైచిలుకుకు సరిపోయే నీళ్లు. రెండు నెలలు వాన పడని కాలం ఉంటే 1,80,000 లీటర్లు నిల్వ ఉండాలి, ఆ ట్యాంకే మీ స్థలంలో పెద్ద భాగం తినేస్తుంది. అందుకని వాన నీళ్లను మొదటి వనరుగా పెట్టుకుని, రెండో వనరు తప్పకుండా ఉంచుకోండి. డ్రిప్ పెట్టండి, మట్టి మీద ఎండు గడ్డో, ఆకులో మందంగా కప్పండి, ప్రతి భాగానికి విడిగా నీళ్ల మీటరు బిగించండి. మీటర్లు లేకుండా "నీళ్లు ఆదా చేశాం" అనే మాటకు విలువ లేదు.

నీళ్లు పోయే దారి గురించి కూడా అంతే గట్టిగా చెప్తాను. థాయ్‌లాండ్‌లోని థమ్మసాత్ విశ్వవిద్యాలయంలో 2019లో పూర్తయిన పైకప్పు పొలం చూడండి. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు కోచకోర్న్ వోరాఖోమ్ సంస్థ ల్యాండ్‌ప్రాసెస్ చేసిన పని, 22,000 చదరపు మీటర్లు. కొండ వాలు మీద వరి మళ్లలా మెట్లు మెట్లుగా మడులు, వాన నీరు ఒక మడి నుంచి ఇంకో మడికి మెల్లగా దిగుతూ చివర కుంటల్లో చేరుతుంది. ఆకారం అందంగా ఉందని దాన్ని అందరూ చూపిస్తారు, కానీ ఆ ఆకారం నీరు నడిచే దారిలోంచే పుట్టింది. మీ స్థలంలో గట్టి వాన పడే రోజున గొడుగు వేసుకుని వెళ్లి నీరు ఎటు పోతుందో, ఎక్కడ నిలుస్తుందో చూసి రండి. ఆ గంట ఏ సర్వే కన్నా ఎక్కువ చెప్తుంది.

మట్టి. గోదాము పక్క ఖాళీ స్థలం అంటే కింద కూల్చిన గోడల రద్దు ఉంటుందని ముందే అనుకోండి. పరీక్ష చేయించకుండా నేరుగా అందులో ఏదీ నాటకండి. పాత పెయింటు, పాత వాహనాల పొగ వదిలిన సీసం దశాబ్దాలు గడిచినా మట్టిలోనే ఉంటుంది, ఆకుకూరలకు, దుంపలకు అంటుకునే దుమ్ముతో పిల్లల నోట్లోకి వెళ్తుంది. సీసంతో పాటు కాడ్మియం, ఆర్సెనిక్, ఇంధన నూనెల ఆనవాళ్లు కూడా చూపించండి, కనీసం ఐదారు చోట్ల నుంచి నమూనాలు తీయండి. ఒకచోట మాకు లోహాలన్నీ పరిమితి లోపే వచ్చాయి, ఊపిరి పీల్చుకుని నాటేశాం. నెలకల్లా లేత ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. సిమెంటు, సున్నం రద్దు వల్ల మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం చూపే అంకె, 7 దాటితే క్షారం) 8.3కి చేరింది, మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేకపోతోంది. మొత్తం తీసి, అడుగున నీరు పోయే గుడ్డ పరిచి, 40 సెంటీమీటర్ల ఎత్తు మడులు కట్టుకోవాల్సి వచ్చింది. ఆ ఆలస్యంలో ఒక కాపు కాలం పోయింది.

మన వృత్తి వాళ్లకు పాత వస్తువులు తిరిగి వాడటం అంటే ప్రాణం, నాకూ అంతే. అయినా తిండి పండే మడి గోడకు ఇవి వాడకండి: పాత రైలు పట్టాల కింది దిమ్మలు, ఎందుకంటే వాటికి చెక్క పుచ్చకుండా క్రియోసోట్ అనే విషపూరిత తారు నూనె పట్టించి ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని, మందు పట్టించి పచ్చగా కనిపించే కలప కూడా వద్దు, పాతదైతే అందులో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ ఉండొచ్చు. పాత టైర్లు, పెయింటు ఊడిపోతున్న తలుపు చెక్కలు కూడా వద్దు. వీటిని బెంచీలకు, నీడ పందిరికి వాడుకోండి, అక్కడ ఇబ్బంది లేదు.

కంపోస్టు గురించి ఒక లెక్క మాత్రం చెప్పి ముందుకు వెళ్తాను. మడుల మీద ఏడాదికి 2 సెంటీమీటర్ల పొర వేయాలంటే 600 చదరపు మీటర్లకు 12 ఘనపు మీటర్ల తయారైన ఎరువు కావాలి. కుళ్లేటప్పుడు పరిమాణం సగానికి పైగా తగ్గుతుంది, కాబట్టి పచ్చి సరుకు 25, 30 ఘనపు మీటర్లు కావాలి. మీ పొలంలో వచ్చే చెత్త అందులో ఒక మూలకు రాదు. అంటే "బయటి నుంచి ఏమీ రాకుండా" అనే నియమం ఇక్కడే విరిగిపోతుంది, విరగనివ్వండి, అది మంచికే. చుట్టుపక్కల ఇళ్ల తడి చెత్త, పార్కుల ఎండుటాకులు మీ దగ్గరికి రావాలి. కార్బన్ (ఎండు సరుకులో ఎక్కువ), నైట్రోజన్ (తడి చెత్తలో ఎక్కువ) 25 నుంచి 30కి 1 నిష్పత్తిలో ఉండేలా ఎండు సరుకు ముందే నిల్వ పెట్టుకోండి. వాసన వచ్చిందంటే దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే, తడి ఎక్కువై గాలి ఆడట్లేదు. కుప్ప లోపల 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలిస్తేనే రోగకారక క్రిములు, కలుపు గింజలు చస్తాయి. పొడవాటి థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి. పొరుగువారితో గొడవ మొదలయ్యేది కంపోస్టు దగ్గరే, అందుకని దాన్ని మూలన దాచకుండా, గాలి వీచే దిక్కు చూసి, శుభ్రంగా కనిపించేలా డిజైన్ చేయండి. మీ ఆర్కిటెక్చర్ నైపుణ్యం నిజంగా కావాల్సిన చోటు అది.

చేపల సంగతి. ఆలోచన చాలా అందమైనది, చేప విసర్జించే అమోనియాను బ్యాక్టీరియా మొదట నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి, మొక్కలు దాన్ని తీసుకుని నీటిని తేటపరుస్తాయి. ఆ బ్యాక్టీరియా స్థిరపడటానికే నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపకు, బ్యాక్టీరియాకు, మొక్కకు నచ్చే పీహెచ్‌లు వేర్వేరు, మూడింటికీ మధ్యస్థంగా 7 దగ్గర పట్టి ఉంచాలి. నీరు వేడెక్కితే కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది, 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీరు 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే పడుతుంది. ఒక రాత్రి మా పంపు ఆగిపోయింది. తెల్లారి వెళ్లేసరికి ట్యాంకులో చేపలన్నీ తేలి ఉన్నాయి. ఆ రోజు పొలానికి పిల్లలు వచ్చే రోజు. వాళ్లకు ఏం చెప్పాలో మాకెవరికీ తెలియలేదు, నాకు ఇప్పటికీ ఆ ఉదయం తలుచుకుంటే బాధగానే ఉంటుంది. బ్యాటరీతో నడిచే గాలి పంపు, ఫోనుకు మోగే అలారం ఉంటే ఆ చేపలు బతికేవి. ప్రాణం ఉన్నదాన్ని వ్యవస్థలో భాగంగా పెట్టుకుంటున్నాం అంటే రాత్రి రెండు గంటలకు లేచి వెళ్లే మనిషి పేరు గోడ మీద రాసి ఉండాలి. అలాంటి మనిషి దొరికాక, మూడో ఏడాదిలో ఒక్క చిన్న ట్యాంకుతో మొదలుపెట్టండి. ది హేగ్‌లో ఒక పాత కార్యాలయ భవనం పైన చేపలు, కూరగాయలు కలిపి పెద్ద ఎత్తున నడిపిన గ్రీన్‌హౌస్ 2016లో మొదలై 2018లో దివాలా తీసింది, వాళ్లకు డబ్బు, సాంకేతిక బలం రెండూ ఉండి కూడా.

ఎల్‌ఈడీ అరలు ఎందుకు వద్దంటున్నానో కూడా లెక్కతోనే చెప్తాను. ఒక చదరపు మీటరు ఆకుకూర అరకు దీపాలకే రోజుకు ఒకటిన్నర నుంచి రెండు యూనిట్ల కరెంటు కావాలి. ఒక చదరపు మీటరు సోలార్ ప్యానల్ మంచి ఎండ రోజున ఇచ్చేది ఒక యూనిట్ చుట్టుపక్కలే. అంటే ఐదు అరల బీరువా ఒకటి పెడితే దీపాలకే పది చదరపు మీటర్ల ప్యానళ్లు, ఫ్యాన్లు, చల్లబరచడం వేరే. ఆకాశం నుంచి ఉచితంగా వచ్చే వెలుగును ప్యానల్‌తో పట్టి, తీగల్లో పోగొట్టి, మళ్లీ వెలుగుగా మార్చే బదులు ఆ పది చదరపు మీటర్లలో నేరుగా నాటుకోవచ్చు కదా. అమెరికాలో ఈ పద్ధతి మీద నడిచిన పెద్ద కంపెనీల్లో ఏరోఫార్మ్స్ 2023లో, ప్లెంటీ 2025లో దివాలా రక్షణ కోరాయి, బవరీ 2024లో మూతపడింది. నారు పెంచడానికి మాత్రం ఒకటి రెండు అరలు పెట్టుకోండి, అక్కడ ఉపయోగం ఉంది. నారుకుళ్లు తగ్గుతుంది, కాపు రెండు మూడు వారాలు ముందుకు వస్తుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది. మీరు "ప్రయోగాత్మక" అనే మాట వాడారు. ప్రయోగం అంటే ఒక ప్రశ్న, ఒక పోలిక, ఒక నోటుపుస్తకం. కొత్తగా కనిపించే వస్తువులన్నీ ఒకేచోట పేర్చితే అది ప్రదర్శన అవుతుంది. ప్రదర్శనలోనూ తప్పు లేదు. న్యూయార్క్‌లో మోమా పీఎస్ 1 అనే కళా కేంద్రం ఆవరణలో 2008 వేసవిలో వర్క్ ఏసీ అనే ఆర్కిటెక్టుల జంట అట్ట గొట్టాలతో పబ్లిక్ ఫార్మ్ 1 కట్టారు, గొట్టాల్లో 50కి పైగా రకాల మొక్కలు పెంచారు. ఒక్క వేసవి కోసం కట్టింది, ఆర్కిటెక్టుల్లో చాలామందికి ఈ దారి చూపించింది. కానీ మీరు ఐదేళ్లు ఉంటారు, ఐదేళ్లలో కొలిచి చెప్పగలిగినది చాలా ఉంటుంది.

ఉదాహరణకు నీటిని అడుగున నిల్వ ఉంచుకుని వత్తి ద్వారా పైకి లాగే మడి మంచిదా, డ్రిప్ మడి మంచిదా అని తేల్చాలనుకోండి. నాలుగు మడులు ఇటు, నాలుగు అటు. ఒకే విత్తనం, ఒకే రోజు, ఒకే మట్టి, ఒకే ఎండ. ఎండ ఒకేలా పడకపోతే మడులను ఒకదాని పక్కన ఒకటి మార్చి మార్చి పెట్టండి. నీళ్ల పద్ధతి ఒక్కటే తేడా ఉండాలి. కొలవాల్సినవి మూడే పెట్టుకోండి: ఎన్ని కిలోలు వచ్చాయి, ఎన్ని లీటర్లు పోశారు, ఎన్ని గంటలు మనిషి పని చేశాడు. మూడోది దాదాపు ఎవరూ రాయరు, నగరంలో పొలాన్ని నిలబెట్టేదీ పడగొట్టేదీ అదే. నేను చూసిన నిలువు మడుల్లో కిలోకు పట్టే మనిషి గంటలు నేల మడి కన్నా రెండింతలు దాటాయి, ఎందుకంటే నిచ్చెన ఎక్కాలి, చిన్న సంచులు గంటల్లో ఎండిపోతాయి, ఏ సంచి ఎండిందో వెతకాలి. ఆ ఒక్క అంకె రాసుకోకపోయి ఉంటే మేం ఆ గోడను ఇంకో మూడుచోట్ల కట్టేవాళ్లం. పురుగు వచ్చిన రోజు, పెనుబంక ఏ మొక్క మీద మొదట కనిపించింది, తెల్లదోమ ఏ గోడ పక్క ఎక్కువ, ఇవీ రాయండి. విఫలమైన ప్రయోగాన్ని కూడా అంకెలతో సహా బయట పెట్టండి. మనలో చాలామంది ఫోటోలు పెడతారు, నోటుపుస్తకం పెట్టరు. అందుకే ప్రతి కొత్త బృందం అవే తప్పులు మళ్లీ చేస్తోంది, అది చూస్తే నాకు నిజంగా బాధ.

ఐదేళ్ల లీజు గురించి. ఏదీ నేలలోకి పాతి కట్టకండి, బోల్టులతో బిగించి విప్పేలా కట్టండి. బెర్లిన్‌లో 2009లో మొదలైన ప్రిన్సెసిన్నెన్‌గార్టెన్ అనే నగర తోట డబ్బాల్లో, సంచుల్లోనే పంట పెంచింది, స్థలం మీద అనిశ్చితి ఉందని వాళ్లకు మొదటి రోజు నుంచీ తెలుసు. తర్వాత ఇంకో చోటికి మారి కొనసాగింది. పారిస్ శివారు కొలోంబ్‌లో అటెలియే దార్షిటెక్చర్ ఓటోజెరే అనే ఆర్కిటెక్టుల బృందం, అంటే కాన్‌స్టాంటిన్ పెట్కూ, డోయినా పెట్రెస్కూ వాళ్లు, స్థానికులతో కలిసి అగ్రోసితే అనే నగర పొలం కట్టారు. నగర పాలకవర్గం మారాక ఆ స్థలం పార్కింగుకు కావాలన్నారు, 2017లో ఖాళీ చేయాల్సి వచ్చింది. విప్పి మళ్లీ బిగించేలా కట్టారు కాబట్టి పక్క పట్టణం జెన్‌విలియేలో మళ్లీ నిలబెట్టగలిగారు. కట్టడం తీసుకెళ్లగలరు, మట్టి కూడా కొంత తీసుకెళ్లగలరు, కానీ చుట్టూ అల్లుకున్న మనుషులను తీసుకెళ్లలేరు. అందుకే లీజు పొడిగింపు గురించి నాలుగో ఏడాది చివర్లో కాకుండా రెండో ఏడాదిలోనే, అంకెలు చేతిలో ఉన్నప్పుడే, యజమానితో మాట్లాడండి.

మొదటి ఏడాది ఎలా గడవాలో నా మాటగా చెప్తాను. మొదటి నెల మట్టి పరీక్ష, శ్లాబు పరీక్ష, ఎండ ఎక్కడ ఎన్ని గంటలు పడుతుందో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం గుర్తు పెట్టుకోవడం. కంప్యూటర్‌లో నీడ బొమ్మ మీరు ఎలాగూ వేస్తారు, అయినా నేల మీద సుద్దతో గీసి చూడండి. ఆరు గంటలు నేరుగా ఎండ పడని చోట టమాటా, వంకాయ, మిర్చి ఆశించకండి, అక్కడ ఆకుకూరలు, పుదీనా లాంటివి వేసుకోవచ్చు. రెండో నెల నుంచి ముప్పై నలభై డబ్బాలు, అటూ ఇటూ జరుపుతూ పెంచడం. ఆ డబ్బాలు చివరికి ఎక్కడ ఆగాయో, మనుషులు తెలియకుండానే ఏ దారిలో నడిచారో, కోసిన పంట ఏ నీడలో దించారో, అవే మీ ప్లాన్‌లో మొదటి గీతలు. కాపు అయ్యాక అప్పుడు కూర్చుని గీయండి.

వచ్చే వారం స్ట్రక్చరల్ ఇంజినీరును కలుస్తున్నాం అని రాశారు కదా. ఆయన్ను "పొలం మోస్తుందా?" అని అడగకండి, దానికి జవాబు రాదు. పైకప్పులో ఏ ఏ భాగం చదరపు మీటరుకు ఎన్ని కిలోల అదనపు బరువు తీసుకుంటుందో విడివిడిగా ప్లాన్ మీద రాసి ఇమ్మనండి, స్తంభాల తల మీద ఎంత, బీముల వెంట ఎంత, మధ్యలో ఎంత అని. వాటర్‌ప్రూఫింగ్ వయసు, శ్లాబులో ఇనుము తుప్పు పట్టిందా అనేది, వాన నీరు బయటికి పోయే గొట్టాల లెక్క కూడా రాయమనండి. ఆ కాగితం, మట్టి పరీక్ష ఫలితం వచ్చాక ఇక్కడే కింద పెట్టండి, ఏ డబ్బాలు ఎక్కడ పెట్టాలో కలిసి చూద్దాం.